ఏ వేరు లాగిందో!

పండుగ వెళ్ళిన మూడవ రోజు. మా అన్నగారి పెద్దమ్మాయి కర్నూలులోని పుట్టింటి నుండి కడపలోని అత్తవారింటికి తిరుగు ప్రయాణమైంది. నంద్యాలలో ఉన్న మా చెల్లెలి ఇంట్లో మాకు పని ఉండడంతో మేమూ, మా అమ్మగారూ అదే కారులో ఎక్కాము. అమ్మాయి ఒడిలో ఏడు నెలల బాబు. కారు నడుపుతున్నది అమ్మాయి తమ్ముడు. ఉర్దూ, తెలుగు కలగలిసిన మా ఇళ్ళలో పిల్లలు మమ్మల్ని ఫూఫీ అని, మా అమ్మగారిని మాత్రం సీమ పద్ధతిలో జేజి అని పిలుస్తారు.

కర్నూలు దాటి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వచ్చేసరికి ఓర్వకల్లు రాళ్ళవనం కనిపిస్తుంది. గాలి, వాన, ఎండ తరతరాలుగా చెక్కిన శిలలవి. తెల్లనివి, ఎర్రనివి, గోధుమ వన్నెవి, నల్లచారలు దిగినవి పక్కపక్కనే నిలబడి ఉంటాయి. అక్కడ కాసేపు ఆగుదామని అమ్మాయి ముందే తమ్ముడితో మాట తీసుకున్నది. కారణం లేకపోలేదు. ఎమ్మిగనూరు చేనేత నూలు వస్త్రం తెప్పించుకొని, రంజాన్ మాసమంతా రాత్రి తరావీహ్ నమాజు తరువాత గంటో అరగంటో కుట్టుమిషను ముందు కూర్చొని, తన పండుగ దుస్తులు తానే కుట్టుకున్నది. పాదాల దాకా దిగే పిస్తా రంగు అనార్కలి, దానికి తగిన దుపట్టా. మిగిలిన ముక్కతో బాబుకు చిన్న కుర్తా, టోపీ. తన చేతిపనిని నలుగురు అయినవాళ్ళు చూడాలని, కడప ఇంటివారి వాట్సాప్ బృందంలో పెట్టాలని అమ్మాయి ముచ్చట. ఫొటోల విషయంలో విద్వాంసుల మధ్య ఉన్న అభిప్రాయభేదాలను మరొక నెల ముచ్చటించుకుందాము. ఈ నెల మా మనసును పట్టి ఆపినది మరొక సంగతి.

రాళ్ళ నడుమ తమ్ముడు ఫొటోలు తీశాడు. అక్క ఒక్కతే నిలబడి కొన్ని, బాబును ఎత్తుకొని కొన్ని. మళ్ళీ కారెక్కాక అమ్మాయి ఒక్కొక్క ఫొటో చూసుకుంటూ, గొంతు తగ్గించి తమ్ముడితో అన్నది: “ఇదొక్కటి పంపిస్తానురా. బాబు ముఖం కొంచెం తెల్లగా చెయ్యి.”

ఫోనులో ఆ పని క్షణంలో అయిపోతుంది. బొటనవేలు అటు నుండి ఇటు జరిపితే చాలు. జేజి అది గమనించలేదు. తనకూ చూపించమని ఫోను అడిగి తీసుకొని, కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసింది. చివరికి, “యీ బిడ్డ ఎవురమ్మా?” అని అడిగింది.

ఎవరూ నవ్వలేదు. అమ్మాయి కళ్ళు చెమర్చాయి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పుట్టినప్పుడు బాబు తెల్లగానే ఉన్నాడు. మూడు నాలుగు నెలలు గడిచేసరికి రంగు చిక్కబడింది. అమ్మాయిది పసిమి ఛాయ, అల్లుడిది చామనఛాయ. బాబు ఇద్దరికంటే నలుపు. ఒకనాడు కడప ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె ఊయలలోకి తొంగి చూసి, ఈ వంశంలో ఎవరికీ లేని రంగు ఎక్కడి నుండి వచ్చిందో అన్నదట. అత్తగారు విని ఊరుకున్నారు. అల్లుడూ ఊరుకున్నాడు. ఆ మౌనమే అమ్మాయి గుండెలో ముల్లై దిగింది.

ఆ ముల్లు చిన్నది కాదు. ఎక్కడి నుండి వచ్చిందో అనే మాట పైకి బిడ్డ రంగును గురించినదే అయినా, లోపల దాని మొన బిడ్డ తల్లివైపు తిరిగి ఉంటుంది. కనుక ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకోవడం అవసరం. నిజంగానే, బిడ్డ రంగు ఎక్కడి నుండి వస్తుంది?

మన చర్మంలో రంగును తయారుచేసే కణాలున్నాయి. అవి తయారుచేసే పదార్థం మెలనిన్. ఆశ్చర్యం ఏమిటంటే, నల్లనివారికీ తెల్లనివారికీ ఆ కణాల సంఖ్య దాదాపు సమానమే. తేడా ఆ కణాలు చేసే పనిలో ఉన్నది. మెలనిన్ ఎంత తయారవుతుంది, ఏ రకానిది తయారవుతుంది, ఏ పరిమాణపు రేణువులుగా సర్దుకుంటుంది అన్నదే రంగును నిర్ణయిస్తుంది. ఆ పనికి ఆదేశాలిచ్చేవి తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వచ్చిన జన్యువులు. ఇటువంటి జన్యువులు ఒకటి రెండు కావు, ఎన్నో ఉన్నాయి. పుట్టిన తరువాత కొన్ని నెలలపాటు మెలనిన్ తయారీ పెరుగుతూ పోతుంది కాబట్టే చాలామంది పిల్లలు తెల్లగా పుట్టి క్రమంగా తమ అసలు రంగుకు వస్తారు.

ఆ జన్యువులలో ఒకదాని కథ చాలా విచిత్రమైనది. దాని గుట్టు ఒక చేప విప్పింది. మన ఉపఖండపు వాగుల్లో తిరిగే వేలెడంత చారల చేపను జీబ్రా చేప అంటారు. ప్రయోగశాలలో పెంచే ఈ చేపల్లో బంగారు చేప అని పిలిచే ఒక రకం ఉన్నది. దాని చారలు వెలిసిపోయినట్లు పాలిపోయి ఉంటాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో కీత్ చెంగ్ బృందం ఆ పాలిపోవడానికి కారణమైన జన్యువును పట్టుకొని 2005లో ప్రకటించింది. దాని పేరు ఎస్.ఎల్.సి.24ఎ5. మనుషుల్లో ఉన్న అదే జన్యువు సందేశాన్ని చేప పిండంలోకి ఎక్కిస్తే పాలిపోయిన చేపకు నల్లరంగు తిరిగి వచ్చింది! మనిషిలో ఈ జన్యువుకు రెండు రూపాలు కనిపించాయి. వాటి మధ్య తేడా ఒకే ఒక్క అక్షరం. జన్యు లిపిలో ఆ స్థానంలో ‘జి’ అనే అక్షరం ఉంటే రంగు ముదురుగాను, ‘ఎ’ ఉంటే లేతగాను మొగ్గుతుంది.

మన దగ్గర ఈ అక్షరం సంగతి ఏమిటని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో కలిసి పరిశోధించి 2013లో ఫలితాలు ప్రచురించారు. దక్షిణ భారతదేశానికి చెందిన 1228 మంది చర్మపు రంగును పరికరంతో కొలిచి, వారి జన్యువులతో పోల్చారు. వారిలో కనిపించిన రంగు తేడాలలో దాదాపు 27 శాతానికి ఈ ఒక్క అక్షరమే కారణమని తేలింది. మిగతా భాగం ఇతర జన్యువులది, పరిసరాలది.

ఇప్పుడు మా అమ్మాయి ఊయల దగ్గరకు వద్దాము. ఆమెకు గాని, అల్లుడికి గాని ఎవరూ పరీక్ష చేయలేదు కాబట్టి దీన్ని ఒక ఉదాహరణగానే తీసుకోండి. ప్రతి మనిషిలోనూ ఈ అక్షరానికి రెండు ప్రతులుంటాయి, తల్లి ఇచ్చినది ఒకటి, తండ్రి ఇచ్చినది ఒకటి. తల్లిలో ఒక ‘ఎ’, ఒక ‘జి’ ఉన్నాయనుకుందాము. తండ్రిలోనూ అంతే. ఇద్దరూ మధ్యరకపు ఛాయలోనో, పసిమి ఛాయలోనో కనిపించవచ్చు. కాని బిడ్డకు చెరొక అక్షరం ఇచ్చేటప్పుడు ఏది వెళుతుందో ఎవరి చేతిలోనూ లేదు. నాణెం ఎగరవేసినట్లే. నాలుగింట ఒక వంతు అవకాశం రెండూ ‘ఎ’ రావడానికి, నాలుగింట ఒక వంతు రెండూ ‘జి’ రావడానికి, మిగిలిన సగం ఒకటీ ఒకటీ రావడానికి. రెండూ ‘జి’ వచ్చిన బిడ్డ తల్లిదండ్రులిద్దరికంటే ముదురు రంగులో ఉండవచ్చు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ళు రెండు రంగుల్లో ఉండడం వెనుక ఉన్నది ఇటువంటి లెక్కే. ఇక ఇతర జన్యువులు ఒక్కొక్కటి తమ వంతు కలిపితే ఎన్ని ఛాయలు సాధ్యమో ఊహించండి.

ఆ ‘జి’ తల్లికి ఎక్కడి నుండి వచ్చింది? తన తండ్రి నుండి కావచ్చు. ఆయనకు తన తల్లి నుండి కావచ్చు. అంటే, కారులో మా పక్కన కూర్చున్న జేజి నుండి! మా అన్నలో, ఆయన కూతురిలో పైకి కనబడకుండా దాగిన అక్షరం మునిమనవడిలో జత కలిసి బయటపడి ఉండవచ్చు. మా అమ్మగారి చేయి బాబు చేయి పక్కన పెట్టి చూశాము. ఒకటి ముడుతలు పడినది, ఒకటి లేతది, రంగు మాత్రం ఒక్కటే. వంశంలో లేని రంగు కాదది. చూసేవారు వంశాన్ని ఒక్క వైపునే, ఒక్క తరమే చూశారు, అంతే.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. పద్నాలుగు శతాబ్దాల క్రితం ఫజారా తెగకు చెందిన ఒక ఎడారివాసి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన భార్య నల్లని బిడ్డను కన్నదని ఫిర్యాదు ధోరణిలో చెప్పుకున్నాడు. ఆయన (స) కోపించలేదు, ఉపన్యసించలేదు. నీకు ఒంటెలున్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాడు. వాటి రంగేమిటంటే ఎరుపన్నాడు. వాటిలో బూడిద వన్నెవి కూడా ఉన్నాయా అంటే ఉన్నాయన్నాడు. మరి ఆ వన్నె వాటికి ఎక్కడి నుండి వచ్చిందని అడిగితే, పూర్వపు వేరు ఏదో లాగి ఉంటుందని అతడే జవాబిచ్చాడు. నీ బిడ్డనూ అటువంటి వేరే లాగి ఉండవచ్చునని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది.

ఇందులో ఆధునిక జన్యుశాస్త్రాన్ని వెదికి గర్వించడం మా ఉద్దేశం కాదు. అందులోని న్యాయాన్ని చూడమని మాత్రమే మనవి. బిడ్డ రంగు తల్లి మీద సాక్ష్యం కాదు. ఆ మనిషి అనుమానాన్ని అతని పశువుల మందలోని అనుభవంతోనే తీర్చి పంపారు. గొర్రెలు, మేకలు మేపుకునే మన సీమ ఊళ్ళలో ఈ పాఠం చెప్పడానికి పుస్తకం కూడా అవసరం లేదు. ఎర్రమేకకు నల్లపిల్ల పుడితే ఏ కాపరీ మేకను నిందించడు.

మన ఇళ్ళలో మరొక భ్రమ ఉన్నది. తెల్లని ఛాయను కొందరు ఫలానా వంశపు ముద్రగా చెప్పుకుంటారు. మా పెద్దలు అరబ్బు దేశం నుండి వచ్చారు, పర్షియా నుండి వచ్చారు, మా రంగే అందుకు రుజువు అంటారు. సి.సి.ఎం.బి. పరిశోధన ఈ రుజువును నిలవనివ్వదు. ఉపఖండమంతటా 54 జనసమూహాలకు చెందిన 1573 మందిని పరిశీలించగా, ఆ ‘ఎ’ అక్షరం కొందరిలో ఎక్కువగా, కొందరిలో తక్కువగా విస్తారంగా వ్యాపించి కనిపించింది. మన దగ్గర ఉన్న ‘ఎ’, ఐరోపావారిలో ఉన్న ‘ఎ’ ఒకే మూలం నుండి వచ్చినవని, ఆ మూలం వయసు సుమారు 22 వేల నుండి 28 వేల సంవత్సరాలని కూడా వారు లెక్కగట్టారు. అంటే మనం పేర్లు పెట్టుకున్న వంశాలన్నింటికంటే ఆ అక్షరం ఎంతో పాతది. దాన్ని మన వంశవృక్షానికి ధ్రువపత్రంగా అంటించుకోవడం తగదు.

నలుపు మాత్రం లోపమా? సూర్యుని అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని కాల్చడమే కాదు, రక్తంలోని ఫోలేట్ అనే విటమిన్‌ను కూడా దెబ్బతీస్తాయి. గర్భంలో శిశువు వెన్ను, మెదడు సక్రమంగా రూపొందడానికి ఆ విటమిన్ అవసరం. ముదురు చర్మంలోని మెలనిన్ ఆ కిరణాలను అడ్డుకుంటుంది. ఎండ తక్కువగా ఉండే దేశాలలో విటమిన్ డి తయారీకి లేత చర్మం మేలు చేస్తుంది. మే నెలలో మన కర్నూలు, కడప ఎండలను ఎరిగినవారికి ఇక వేరే చెప్పాలా? బాబు వంటి మీద ఉన్నది మచ్చ కాదు, గొడుగు.

ఈ గొడుగును చించడానికి మనం చేయని ప్రయత్నం లేదు. గర్భిణికి కుంకుమపువ్వు పాలు పట్టిస్తాము. గర్భం నిలిచిన క్షణాననే జన్యువుల పంపకం పూర్తవుతుంది, ఆ తరువాత ఏ పాలూ దాన్ని మార్చలేవు. పసివాడి వంటికి శనగపిండి పెట్టి ఎర్రబడేలా రుద్దుతాము. బిడ్డకు మంట తప్ప ఒరిగేది లేదు. ఎదిగిన ఆడపిల్లలకు పేరూ ఊరూ లేని క్రీములు తెచ్చిస్తాము. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్లు, పాదరసం ఉంటాయి. స్టెరాయిడ్లు చర్మాన్ని పలుచన చేస్తాయి, పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వైద్యుని చీటీ లేకుండా రంగు కోసం ఏ క్రీమూ పూయకండి.

ఇక ఆ ఫొటో మాటకు వద్దాము. మేనల్లుడిని అడిగి మేము మొదటి ఫొటోను మళ్ళీ చూశాము. నిజం చెప్పాలంటే అందులో బాబు ముఖం అసలు కంటే నల్లగా పడింది. తప్పు బాబుది కాదు, వెలుతురుది. వెనుక తెల్లటి రాతిమీద ఎండ మెరుస్తున్నది, ఒంటి మీద లేతరంగు బట్టలున్నాయి. ఆ మెరుపును చూసి కెమెరా మొత్తం బొమ్మను చీకటి చేస్తుంది. ఇందులో ఒక పాత అన్యాయమూ ఉన్నది. రంగుల ఫిల్ములు వచ్చిన తొలి దశాబ్దాలలో కొడాక్ సంస్థ ఫొటోలు కడిగే ల్యాబులకు సరిచూసుకోవడానికి ఒక నమూనా బొమ్మ పంపేది. అందులో ఉండేది తెల్లజాతి యువతి. ఆ కార్డులకు షిర్లీ కార్డులని పేరు. ఆమె ముఖం సరిగా వస్తే ఫొటో సరిగా వచ్చినట్లు! గోధుమ, నలుపు ఛాయల ముఖాలు అందులో వివరాలు లేని నీడలుగా మిగిలిపోయేవి.

దీనికి మందు ముఖాన్ని తెల్లబరచడం కాదు. ఉదయం తొందరగానో, అస్ర్ నమాజు తరువాతనో వెలుతురు మెత్తబడినప్పుడు ఫొటో తీయండి. ఎండలో కాకుండా రాతి నీడలో, ముఖం ఆకాశం వైపు ఉండేలా నిలబెట్టండి. తెర మీద బిడ్డ ముఖాన్ని వేలితో తాకితే కెమెరా ఆ ముఖాన్ని బట్టే వెలుతురు సరిచూసుకుంటుంది. అందం పేరిట ఫోను తనంత తాను చేసే మార్పులను ఆపివేయండి. ఉన్న రంగు ఉన్నట్లు పడుతుంది.

మా మాటలు విని మేనల్లుడు కారు వెనక్కి తిప్పాడు. ఈసారి ఒక పెద్ద బండరాయి నీడలో జేజిని కూర్చోబెట్టి, ఆమె ఒడిలో బాబును ఉంచి, పక్కన అమ్మాయిని నిలబెట్టి తీశాడు. పిస్తా రంగు కుర్తాలో ఆ నల్లనయ్య నవ్వు చూడవలసిందే.

సూరా ఫాతిర్ 27, 28 ఆయతులలో అల్లాహ్ పర్వతాలలోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారలను ప్రస్తావించి, ఆ వెంటనే మనుషులలోను, పశువులలోను ఉన్న రంగుల భేదాన్ని ప్రస్తావిస్తాడు. ఆ తరువాత వచ్చేది జ్ఞానవంతుల మాట. ఓర్వకల్లు రాళ్ళ నడుమ నిలబడినవారికి ఆ వరుస ఎందుకో వివరించనక్కరలేదు. మన నేల చూడండి. నంద్యాల చుట్టూ నల్లరేగడి, మరికొంచెం అవతల ఎర్రనేల. బేతంచెర్ల బండ ఒక వన్నె, కడప బండ నలుపు. ఆ నల్లని కడప బండను ఏరికోరి తెచ్చి వంటింట్లో గట్టు వేయించుకుంటాము, మన్నుతుందని మురిసిపోతాము. అదే రంగు ఊయలలో కనిపిస్తే మాత్రం ముఖం ముడుచుకుంటాము. బిలాల్ (రజి) పేరు బిడ్డలకు ప్రేమగా పెట్టుకుంటాము, బిలాల్ రంగు బిడ్డ పుడితే దిగులు పడతాము. ఈ రెండు నాలుకలను మనం ఎన్నాళ్ళు మోద్దాము?

నంద్యాలలో మేము దిగేముందు అమ్మాయి ఆ ఫొటోను దిద్దకుండానే కడపకు పంపించింది. కింద, మావాడు జేజి పోలిక అని రాసింది. జవాబు ఏమి వచ్చిందో మేము అడుగలేదు. కారు ఆళ్ళగడ్డ వైపు సాగిపోయింది.

అత్తలైన సోదరీమణులకు, భర్తలైన సోదరులకు ఒక్క విన్నపం. మీ ఇంటి ఊయల మీద ఎవరైనా అటువంటి మాట విసిరితే దయచేసి మౌనంగా ఉండకండి. మీ నోటి నుండి ఒక్క మాట రావాలి: ఏ వేరో లాగింది, ఆ వేరు మాదే. ఆ మాట విన్న తల్లి తన బిడ్డ ముఖాన్ని ఫోనులో దిద్దవలసిన అవసరం ఇక ఎన్నడూ రాదు.